చదువుకు పెట్టిన డబ్బు: రాబడి ఎంత, ఎప్పుడు, ఎవరికి?

సంక్షిప్తంగా: ఒక ఏడాది అదనపు చదువు సంపాదనను సగటున దాదాపు 9 శాతం పెంచుతుందని అంతర్జాతీయ అంచనా. ఆ సగటు ఏ కుటుంబానికీ హామీ కాదు. చదువు ముగిశాక ఉద్యోగం కోసం ఎన్నాళ్లు ఎదురుచూడవలసి వస్తుంది, బడిలో నిజంగా ఏమి వచ్చింది, వచ్చినదానికి గిరాకీ ఎక్కడ ఉంది అనే విషయాలే అసలు రాబడిని నిర్ణయిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో డబ్బూ చర్చా చదువు చివరి మెట్టు చుట్టూ తిరుగుతుండగా, పెద్ద నష్టం మొదటి మెట్టు దగ్గరే జరిగిపోతోంది.

ఏటా వేసవిలో ఇంటర్ ఫలితాలు, ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడే రోజుల్లో లక్షలాది తెలుగు ఇళ్లలో ఒకే లెక్క నడుస్తుంది. కన్వీనర్ కోటాలో సీటు వస్తుందా, రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాకు ఎంత కట్టాలి, అప్పు చేయాలా, ఉన్న అర ఎకరం అమ్మాలా అని పెద్దలు తర్జనభర్జన పడతారు. దాదాపు అదే కాలంలో ప్రభుత్వాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించీ, తల్లుల ఖాతాల్లో వేసే సాయం గురించీ, గురుకులాల సీట్ల గురించీ ప్రకటనలు చేస్తాయి. ఇంటి లెక్కలోనూ ప్రభుత్వ లెక్కలోనూ చదువును పెట్టుబడి అనే అంటారు కానీ, ఆ రెండు పెట్టుబడుల రాబడి ఒకటి కాదు. ఈ విషయంలో కలిగే అయోమయంలో చాలా భాగం ఆ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేదే.

ఒక ఇంటి లెక్క

రాబడి రేటు ఎలా పుడుతుందో తెలియాలంటే ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకోవడం మంచిది. ఇంటర్ పూర్తయిన 18 ఏళ్ల కుర్రవాడికి రెండు దారులు ఉన్నాయనుకుందాం. మొదటిది వెంటనే నెలకు 12,000 రూపాయల పనిలో చేరడం. రెండోది నాలుగేళ్ల బీటెక్ చదవడం. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, ప్రయాణం కలిపి ఏడాదికి 1.5 లక్షలు అవుతుందనుకుంటే నాలుగేళ్లకు 6 లక్షలు. ఇంట్లో అందరూ లెక్కపెట్టేది ఈ 6 లక్షలే. కానీ ఆ నాలుగేళ్లూ పనిలోకి వెళ్లి ఉంటే వచ్చే జీతం, అంటే 5.76 లక్షలు, అది కూడా చదువు ఖర్చే. చేతి నుంచి పోలేదు కాబట్టి అది కనబడదు. రెండూ కలిపితే అసలు పెట్టుబడి దాదాపు 12 లక్షలు.

చదువు పూర్తయిన వెంటనే నెలకు 25,000 రూపాయల ఉద్యోగం దొరికి, 58 ఏళ్ల వరకు ఆ 13,000 రూపాయల తేడా అలాగే నిలిచిందనుకుంటే, పెట్టుబడిపై ఏటా వచ్చే రాబడి దాదాపు 11 శాతం. అదే ఉద్యోగం రెండేళ్లు ఆలస్యంగా వచ్చి, ఆ రెండేళ్లూ జీతం లేకపోవడమే కాక నెలకు 8,000 రూపాయల చొప్పున గదికీ తిండికీ కోచింగుకూ ఖర్చయితే, రాబడి దాదాపు 7 శాతానికి పడిపోతుంది. ఎదురుచూపు ఏమీ లేకుండానే నెలకు 18,000 రూపాయల ఉద్యోగంతో సరిపెట్టుకోవలసి వస్తే 4.5 శాతం దగ్గర ఆగుతుంది. ఈ మూడు అంకెలూ ధరల పెరుగుదలను పక్కన పెట్టి వేసినవి కాబట్టి బ్యాంకు వడ్డీతో నేరుగా పోల్చకూడదు; అనుభవంతో జీతం పెరగడాన్ని కూడా ఇందులో చూపలేదు. ఒకదానితో ఒకటి మాత్రం పోల్చవచ్చు. పట్టా అదే, ఫీజు అదే, కళాశాల కూడా అదే కావచ్చు. చదువు ముగిశాక జరిగేదాన్ని బట్టి రాబడి రెట్టింపుకు పైగా మారిపోతోంది.

ఇదే లెక్కలో ప్రభుత్వం ఏడాదికి 60,000 రూపాయల ఫీజు భరిస్తే, మొదటి సందర్భంలో కుటుంబానికి వచ్చే రాబడి 11 నుంచి దాదాపు 13.5 శాతానికి పెరుగుతుంది. అయితే సమాజం మొత్తానికి వచ్చే రాబడి 11 శాతం దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఖర్చు తగ్గలేదు, ఒకరి జేబు నుంచి మరొకరి జేబుకు మారిందంతే. పేద కుటుంబం ఆ సహాయం లేకుండా సీటులో చేరలేకపోతే ఆ మార్పు న్యాయమైనదీ, లాభదాయకమైనదీ. కానీ దాన్ని చూపి చదువు రాబడే పెరిగిందని అనడం సరికాదు.

సగటు 9 శాతం వెనుక ఏముంది

చదువును పెట్టుబడిగా లెక్కించే పద్ధతి 1960ల ప్రారంభంలో అమెరికాలో గట్టిపడింది. థియోడర్ షుల్ట్జ్, గ్యారీ బెకర్ ఈ ఆలోచనకు సిద్ధాంత రూపం ఇచ్చారు. షుల్ట్జ్‌కు 1979లో, బెకర్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. జేకబ్ మిన్సర్ ఒక వ్యక్తి జీతాన్ని అతని చదువు ఏళ్లతోనూ అనుభవం ఏళ్లతోనూ ముడిపెట్టే సమీకరణాన్ని ఇచ్చాడు. ఆ సమీకరణంతో 1950 నుంచి 2014 వరకు 139 దేశాల నుంచి వచ్చిన 1,120 అంచనాలను సకరోపౌలోస్, పాట్రినోస్ అనే ఆర్థికవేత్తలు క్రోడీకరించి, ఒక్కో ఏడాది చదువుకు సగటు ప్రైవేటు రాబడి, అంటే చదివిన వ్యక్తికే దక్కేది, దాదాపు 9 శాతం అని 2018లో ప్రకటించారు. ఆడవారి విషయంలో ఇది మగవారి కంటే సుమారు రెండు పాయింట్లు ఎక్కువగా తేలింది.

ఈ సగటుపై ఒక పాత సందేహం ఉంది. ఎక్కువ చదివినవారు ఎక్కువ సంపాదిస్తున్నారంటే అది చదువు వల్లా, లేక చురుకైన పిల్లలూ కలిగిన ఇంటి పిల్లలే ఎక్కువ చదువుతారు కాబట్టి ఎలాగైనా సంపాదించేవారా? దీనికి నమ్మదగిన జవాబు ఇండొనేషియా నుంచి వచ్చింది. చమురు ధరలు పెరిగి ఖజానా నిండిన కాలంలో, 1973 నుంచి 1979 మధ్య ఆ దేశం 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. బడి ఈడు పిల్లల్లో నమోదు తక్కువగా ఉన్న ప్రాంతాలకు ఎక్కువ బడులు వెళ్లాయి. అప్పటికే ఆ ఈడు దాటిపోయినవారికి ఈ బడులు అందలేదు. కొంచెం చిన్నవారికి అందాయి. ఎస్తేర్ డఫ్లో ఈ తేడాను ఆధారం చేసుకుని, బడి దగ్గరపడటం వల్ల మాత్రమే అదనంగా చదివినవారి జీతాలను పరిశీలించి, ఒక్కో ఏడాదికి 6.8 నుంచి 10.6 శాతం రాబడి ఉందని 2001లో చూపారు. తెలివి, కలిమి అనే అంశాలను తీసేసినా రాబడి నిలిచిందన్నమాట.

రెండో సందేహం దీనికంటే లోతైనది. మైకేల్ స్పెన్స్ 1973లో ఒక వాదన చేశాడు: యజమానికి ఎవరు పనిమంతులో ముందుగా తెలియదు కాబట్టి పట్టాను ఒక గుర్తుగా వాడుకుంటాడు. కష్టమైన చదువును తట్టుకున్నవాడు పనిలోనూ నిలబడతాడని ఊహిస్తాడు. అలా అయితే చదువు వ్యక్తికి లాభమే గాని దేశపు ఉత్పత్తిని అంతగా పెంచకపోవచ్చు. అందరూ డిగ్రీ తెచ్చుకుంటే, ముందు నిలబడటానికి పీజీ కావాలి. తెలుగు నాట దీని ఛాయలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంటర్ అర్హత చాలు అన్న ఉద్యోగ ప్రకటనలకు పీజీలు, బీటెక్‌లు దరఖాస్తు చేసుకోవడం ఏ నోటిఫికేషన్ చూసినా తెలిసేదే. నిజంలో ఈ రెండు శక్తులూ కలిసే పనిచేస్తాయి. చదవడం, రాయడం, లెక్కలు చేయడం నేర్పే తొలి తరగతుల్లో నేర్పు పాలు ఎక్కువ, ర్యాంకుల వడపోత మీద నడిచే చివరి తరగతుల్లో గుర్తు పాలు ఎక్కువ అని భావించడానికి మంచి కారణాలు ఉన్నాయి.

గిరాకీ లేని చోట చదువు

చదువు తనంతట తానే డబ్బు సంపాదించదు. దానితో చేయవలసిన పని చుట్టుపక్కల ఉండాలి. హరిత విప్లవ కాలపు భారత గ్రామాలపై ఫాస్టర్, రోజెన్‌జ్వైగ్ చేసిన పరిశీలన దీన్ని స్పష్టం చేసింది. కొత్త వంగడాలు వచ్చి, ఎరువు ఎంత, నీరు ఎప్పుడు, ఏ నేలకు ఏ విత్తనం అనే నిర్ణయాలు ఏటా మారసాగిన ప్రాంతాల్లో ప్రాథమిక విద్య ఉన్న రైతుకు రాబడి పెరిగింది. తాతల నాటి పద్ధతే చాలిన ప్రాంతాల్లో ఆ తేడా అంతగా రాలేదు. మారుతున్న పరిస్థితిని అర్థం చేసుకునే శక్తికే విలువ కట్టారు. మారనిదాన్ని అనుభవమే నేర్పుతుంది.

కొన్ని దశాబ్దాల తరువాత అదే సూత్రం ఐటీ రూపంలో కనిపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల పాఠశాలల వివరాలను పరిశీలించిన ఆస్టర్, స్టైన్‌బర్గ్‌లు ఐటీ ఆధారిత సేవల కేంద్రం వెలిసిన చోట బడుల్లో చేరికలు పెరిగాయనీ, ఆ ప్రభావం కొద్ది కిలోమీటర్ల పరిధికే పరిమితమైందనీ, ఇంగ్లిష్ మీడియం బడుల్లో మరింత బలంగా ఉందనీ కనుగొన్నారు. ఉద్యోగం ఎదురుగా కనబడినప్పుడు తల్లిదండ్రులు చదువుపై మరింత పెట్టారు. కనబడని ఊళ్లకు ఆ కబురు అంత త్వరగా చేరలేదు.

గిరాకీ కంటే పట్టాలు వేగంగా పెరిగితే ఏమవుతుందో కూడా తెలుగు రాష్ట్రాలు చూశాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించిన కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలల సంఖ్య 700 దాటింది. ప్రభుత్వం చెల్లించేది చేరిన విద్యార్థిని బట్టి. చదువు ముగిశాక ఆ విద్యార్థి ఏమయ్యాడన్నదానితో చెల్లింపుకు సంబంధం లేదు. అందువల్ల సీట్లు నింపడానికి ప్రోత్సాహం ఉంది, ప్రయోగశాల నడపడానికి లేదు. ఆ తరువాత సీట్లు మిగిలిపోయి అనేక కళాశాలలు మూతపడ్డాయి. పథకం వల్ల తొలి తరం విద్యార్థులు ఎందరో పైకి వచ్చారన్నది కాదనలేని సత్యం. చెల్లింపు సూత్రం వేరుగా ఉండి ఉంటే అదే డబ్బు ఇంకా ఎందరినో పైకి తెచ్చేది అన్నదీ అంతే సత్యం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో యువ పట్టభద్రుల్లో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువు దండగ అనడానికి ఈ అంకెలను వాడేవారున్నారు. అది తొందరపాటు. చదువు రానివారికి ఇంట్లో కూర్చునే వీలు లేదు. దొరికిన కూలికి పోక తప్పదు కాబట్టి వారు నిరుద్యోగుల జాబితాలోకి రారు. పట్టభద్రుడికి ఇంటి అండ కొంత ఉంటుంది, మంచి ఉద్యోగం వస్తే దక్కే లాభం కూడా పెద్దది కాబట్టి ఎదురుచూస్తాడు.

ఆ ఎదురుచూపుకు అడ్రసులు ఉన్నాయి. గ్రూప్స్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్, డీఎస్సీకి కృష్ణా జిల్లా అవనిగడ్డ. ఒక గదిలో నాలుగు మంచాలు, రోజంతా రీడింగ్ రూమ్, రాత్రికి మెస్ భోజనం, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో అన్న ఆరా. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు 3 లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. ఆ పోస్టు వచ్చినవారికి రాబడి ఎంతో ఎక్కువ. రానివారికి పై ఉదాహరణలోని రెండో అంకె వర్తిస్తుంది, ఏళ్లు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకుండా ఒక్కసారిగా రావడం వల్ల ఎదురుచూపు పొడవు పెరుగుతుంది. ప్రతి ఏటా నిర్ణీత తేదీకి నియామకాలు జరిగితే, ఒక్క పోస్టు కూడా పెంచకుండానే, వేలాది మంది చదువు రాబడి పెరుగుతుంది. ఈ విషయానికి దక్కవలసినంత చర్చ దక్కడం లేదు.

ఒత్తు దగ్గర ఆగిన పిల్ల

ఇంతవరకు వచ్చిన లెక్కలన్నీ చదువును ఏళ్లలో కొలిచాయి. ఏళ్లు గడిచినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వేలో, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 2018లో దాదాపు సగం. కోవిడ్ తరువాత 2022లో అది 42.8 శాతానికి తగ్గి, 2024లో 48.8 శాతానికి కోలుకుంది.

ఆ పరీక్ష ఎంత సాదాసీదాదో చూస్తే ఈ అంకె బరువు తెలుస్తుంది. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, దానికంటే కొంచెం పెద్ద కథ ఉంటాయి. సర్వే చేసేవారు పిల్ల పక్కన కూర్చుని, ఎక్కడి వరకు చదవగలదో చూస్తారు. తెలుగు చదవడంలో అక్షరాలు దాటాక గుణింతం, గుణింతం దాటాక ఒత్తులు, సంయుక్తాక్షరాలు వస్తాయి. "తల", "పడవ" అని చదివిన పిల్ల "రాత్రి" దగ్గర, "మిత్రుడు" దగ్గర ఆగిపోతుంది. పై తరగతికి మాత్రం వెళుతుంది. అక్కడ సామాన్య శాస్త్రంలో "కిరణజన్య సంయోగక్రియ" అన్న మాట ఎదురవుతుంది. ఆ పిల్లకు ఆ పాఠంలో సైన్సు కష్టం కాదు, ఆ మాట కష్టం. అక్కడి నుంచి బడిలో గడిచే ప్రతి ఏడాదీ గణాంకాల్లో ఒక ఏడాది చదువుగానే నమోదవుతుంది. పెట్టుబడిలో చేరుతుంది, రాబడిలో చేరదు. పదో తరగతి తప్పినప్పుడు బయటపడే నష్టం నిజానికి రెండో తరగతిలో జరిగినదే.

హనుషెక్, వోస్‌మన్ దేశాల మధ్య ఆర్థిక వృద్ధిని పోల్చినప్పుడు కూడా ఇదే తేలింది. బడిలో గడిపిన ఏళ్ల కంటే, పరీక్షల్లో కనబడిన వాస్తవ నేర్పే వృద్ధితో ఎక్కువ ముడిపడి ఉంది.

మరి ఆ నేర్పును పెంచేదేమిటి? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా ఉదహరించే రెండు ప్రయోగాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వాటిని నడిపారు. మొదటిదానిలో, విద్యార్థుల మార్కులు మెరుగుపడితే ప్రభుత్వ ఉపాధ్యాయులకు చిన్న బోనస్ ఇచ్చారు; అది సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేరకు ముందంజ వేశారు. పరిశోధనల్లో ఇది గణనీయమైన తేడా. జీతాల బిల్లుతో పోలిస్తే ఖర్చు స్వల్పం.

రెండోదానిలో లాటరీ ద్వారా కొందరు పేద పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. నాలుగేళ్ల తరువాత తెలుగులోనూ గణితంలోనూ వారికీ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా కనబడలేదు; హిందీలో ముందున్నారు. ఇక్కడ ఆగిపోతే ప్రైవేటు బడి వృథా అనిపిస్తుంది. కానీ ఆ ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం ఇచ్చి మిగిలినదాన్ని ఇతర సబ్జెక్టులకు వాడాయి, పైగా ఒక్కో పిల్లవాడిపై ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతో ఇదంతా చేశాయి. అంటే ప్రైవేటు బడి కుటుంబం ఆశించినంత అదనపు నేర్పు ఇవ్వడం లేదు, ప్రభుత్వ బడి పెట్టిన ఖర్చుకు తగినంత ఫలితం ఇవ్వడం లేదు. రెండు పక్షాలకూ ఇబ్బందికరమైన ఈ ఫలితంలో సగాన్నే ఎవరికి వారు ఉదహరిస్తుంటారు.

ప్రభుత్వానికి తిరిగి వచ్చేది ఎటు నుంచి

కుటుంబం జీతం రూపంలో రాబడి చూస్తుంది. ప్రభుత్వం పన్నుల రూపంలోనూ, తగ్గిన ఖర్చుల రూపంలోనూ చూడాలి. ఇక్కడ రాష్ట్రాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రకాశం జిల్లా పిల్లవాడి చదువుకు ఖర్చు పెట్టింది ఆంధ్రప్రదేశ్. అతను బెంగళూరులో ఉద్యోగం చేస్తే ఆదాయపు పన్ను కేంద్రానికి వెళుతుంది. అతను కొనే వస్తువులపై రాష్ట్ర జీఎస్టీ వాటా కర్ణాటకకు చేరుతుంది, ఎందుకంటే జీఎస్టీ వినియోగం జరిగిన రాష్ట్రానికి చెందే పన్ను. కేంద్రం పంచే పన్నుల్లో రాష్ట్రాల వాటాగా 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం 41 శాతం నిర్ణయించింది గాని, ఆ పంపకంలో ఎక్కువ బరువు రాష్ట్రాల మధ్య ఆదాయ అంతరానికే ఇచ్చింది, 45 శాతం. ఎవరు ఎవరిని చదివించారన్నది ఆ సూత్రంలో లేదు. పెట్టుబడి రాష్ట్రానిది, రాబడిలో పెద్ద భాగం ఇతరులది అయినప్పుడు, ఏ రాష్ట్రమైనా చదువుపై అవసరమైనదానికంటే తక్కువే పెట్టడం ఆశ్చర్యం కాదు. కొఠారీ కమిషన్ 1960ల్లో సూచించిన, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ చెప్పిన జీడీపీలో 6 శాతం లక్ష్యం ఇప్పటికీ అందకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

సరిహద్దు దాటితే ఈ దూరం మరింత పెరుగుతుంది. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగువారి వాటా పెద్దదే. ఆ చదువు ఆర్థిక లెక్క ప్రధానంగా పట్టా మీద కాక, పట్టా తరువాత అక్కడే కొంతకాలం పనిచేయడానికి దొరికే అనుమతి, ఓపీటీ మీద నిలుస్తుంది: సాధారణంగా 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ కోర్సులకు మరో 24 నెలలు. ఆ మూడేళ్ల డాలర్ జీతంతో అప్పు తీరిపోతుందన్న అంచనాతోనే ఇక్కడ ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతారు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు ఇళ్లలో అంత కలవరం రేగడానికి కారణం ఇదే. కోర్సు మారలేదు, ఫీజు మారలేదు. చదువు ముగిశాక ఏమవుతుందన్న సంభావ్యత మారింది, దానితో రాబడి మారింది. డబ్బున్న కుటుంబం ఆ నష్టాన్ని తట్టుకోగలదు. ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టిన కుటుంబం తట్టుకోలేదు. సగటు రాబడి ఎంత బాగున్నా, పేద ఇంటికి చదువు ప్రమాదకరమైన పెట్టుబడి అయ్యేది ఇక్కడే.

జీతం చీటీలో కనబడని రాబడి

ఇంటర్ చదివి, పెళ్లయ్యాక ఉద్యోగం చేయని స్త్రీ చదువుకు మిన్సర్ సమీకరణం ప్రకారం రాబడి లేదు, ఎందుకంటే ఆమెకు జీతం లేదు. కానీ చదివిన తల్లి పిల్లలు తక్కువగా చనిపోతారన్నది, టీకాలు వేళకు పడతాయన్నది, ఆమె పెళ్లి ఆలస్యమవుతుందన్నది దేశదేశాల్లో రుజువైన విషయాలు. రేపు ఆ పిల్ల "రాత్రి" దగ్గర ఆగితే పక్కన కూర్చుని ఒత్తు పలికించేది ఆ తల్లే. ఈ లాభం ఆమె ఖాతాలో కాక తరువాతి తరం ఖాతాలో పడుతుంది. అందువల్ల ఆడపిల్లను ఇంటర్ దగ్గర ఆపేసే ఇంటి లెక్క, ఇంటి వరకు సరిగ్గా వేసినట్టే కనిపించినా, తప్పుడు లెక్క అవుతుంది.

పై విషయాలన్నిటిలోనూ కాలమే అన్నిటికంటే కఠినమైన అంశం. ఫీజు రీయింబర్స్‌మెంట్ చెల్లింపు అదే ఏడాది కనబడుతుంది, తల్లి ఖాతాలో పడిన సొమ్ము అదే రోజు కనబడుతుంది. తెలంగాణ 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి మొదలుపెట్టిన తొలిమెట్టు వంటి కార్యక్రమం ఫలితం అలా కనబడదు. 2025 జూన్‌లో ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరిన పిల్ల 22 ఏళ్లకు, అంటే 2041లో పనిలోకి అడుగుపెడుతుంది. అసెంబ్లీలు పూర్తి కాలం నడిస్తే, ఆ లోపల తెలంగాణలో 2028, 2033, 2038లలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2029, 2034, 2039లలోనూ ఎన్నికలు వచ్చి పోతాయి. ఆ పిల్లకు ఒత్తులు వచ్చాయా లేదా అన్నది మాత్రం మొదటి ఎన్నికలకు ముందే, మూడో తరగతి ముగిసేలోగా, చాలావరకు తేలిపోతుంది.